మడమ మీద ఆముదం

ఆస్పత్రి గోడ మీద నాలుగో బొమ్మ కింద ఉన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయినాయి. ఎ, ఆ పక్కన ణ, ఆ ణ కిందే ఇంకో ణ. ఎణ్ణె. కన్నడ అక్షరాలు మన అక్షరాల మాదిరే ఉంటాయి గానీ తలకట్టు దగ్గర కొంచెం మొహం తిప్పుకుంటాయి, కూడబలుక్కుంటే తప్ప నాకు రావు. మదనపల్లె పక్కన పల్లెలో ఏడో తరగతి దాకా తెలుగు చదివిన చదువు నాది, ఇక్కడికి వచ్చినాక బస్సు బోర్డులు చూసి చూసి అలవాటైన కన్నడం. ఎణ్ణె హచ్చబేడి. నూనె పూయొద్దు. మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదివినాను, ఏమన్నా మారుతుందేమోనని. మారలేదు. బొమ్మలో చిన్న సీసా ఉంది, సీసా మూతి నుంచి ఒక చుక్క కారుతూ ఉంది, రెండిటి మీదా అడ్డంగా ఎర్ర గీత. ఇరవై రెండు నెలలుగా ఈ గోడకు ఎదురుగా ఈ బల్ల మీదే కూర్చుంటున్నాను, ఆ సీసాను మందు సీసా అనుకున్నాను, పిల్లలకు అందకుండా పెట్టమని చెప్తున్నారు కాబోలు అనుకున్నాను. ఈరోజు మా టోకెన్ నలభై ఒకటి, లోపల ఉన్నది ఇరవై ఆరు. కూతురు సహన నా భుజం మీద నిద్రపోయింది, దాని నోటి నుంచి కారిన చొంగ చొక్కా తడిపి నా చర్మానికి వెచ్చగా తగులుతోంది. దాని అమ్మ పుష్ప ఫ్యాక్టరీలో పర్మిషన్ తీసుకుని రావడానికి ఇంకా గంట ఉంది. చేసేది ఏమీ లేక గోడ చదివినాను. చదవకుండా ఉండుంటే బాగుండు.

నా అరచేతిలో దాని ఎడమ పాదం ఉంది. కూర్చుంటే చాలు, నా చెయ్యి తనంతట తనే ఆ పాదం దగ్గరికి పోతుంది, పుట్టిన రోజు నుంచీ అంతే. సాక్సు మీదనే మడమ తడిమినాను. పొక్కు మానింది, పై పొర ఊడి కింద కొత్త చర్మం గులాబి రంగులో పలచగా ఉంది, పొద్దున నీళ్ళు పోసేటప్పుడు చూసినాను. పొక్కు వచ్చి తొమ్మిది రోజులు. వంకర కాలిని బయటికి తిప్పి పట్టే బూట్లు ఆ తొమ్మిది రోజులు వెయ్యలేదు, వేస్తే ఏడుస్తుంది, వెయ్యకపోతే కాలు మళ్ళీ లోపలికి తిరుగుతుంది. తిరిగిందో లేదో డాక్టరమ్మ చూసి చెప్తుంది అని పుష్ప ఇంకా ఆశగా ఉంది. నాకు ముందే తెలుసు. నీళ్ళు పోసినాక తుడవనియ్యకుండా బచ్చలింట్లోంచి పారిపోవడం సహనకు ఆట, తడి కాళ్ళతో గచ్చు మీద పరిగెత్తుతుంది, టవల్ పట్టుకుని వెనకాల నేను. పోయిన నెల రెండు కాళ్ళ గుర్తులూ ఒకే మాదిరి పడేవి, ఐదు వేళ్ళూ మడమా అంతా. ఇప్పుడు ఎడమ కాలి గుర్తు సన్నబడింది, బయటి అంచు ఒక్కటే తడి, బొటనవేలు నేలకు ఆనడం లేదు. మొన్న ఆదివారం ఆ గుర్తు ఆరిపోయేదాకా నిలబడి చూసినాను. వంటింట్లోంచి పుష్ప, ఏం చూస్తా ఉండావు మామా, అని అడిగింది. ఏం లేదు, అన్నాను.

ఐదు వారాల కిందట ఒక సోమవారం. తెల్లారి హొసకోటె నుంచి ఆకుకూరలు టెంపోలో తెచ్చి కె.ఆర్.పురం మార్కెట్లో దించి ఏడున్నరకు ఇల్లు చేరినాను, పుష్ప అన్నం డబ్బా సర్దుకుని ఎనిమిదికి పోయింది, రోజూ మాదిరే. పగలంతా పాపను చూసుకునేది నేను, రాత్రి బూట్లు కట్టేది పుష్ప, మధ్యాన్నం నిద్రకు కట్టేది నేను. ఆ పొద్దున బూట్లు విప్పితే మడమ పైన పట్టీ పడే చోట ఎర్రటి గీత ఉంది, వేలు పెడితే కాలు లాక్కుంది. అంతే. ఇంకేమీ ఆలోచించలేదు. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుని ఎర్రబడితే ఏం చేస్తాము, నా చేతులకు తెలిసింది ఒకటే. గరిటెలో కొంచెం ఆముదం కాచి, నా ముంజేతి మీద వేడి చూసుకుని, మడమకు పూసినాను. నీళ్ళు పోసే ముందు ఒకసారి, మధ్యాన్నం బూట్లు వేసే ముందు ఇంకోసారి. మా అమ్మ అక్కయమ్మ కాళ్ళు చాపుకుని పసిబిడ్డను మోకాళ్ళ మీద బోర్లా వేసుకుని ఆముదంతో తోమి నీళ్ళు పోస్తా ఉంటే ఊళ్ళో బాలింతలు నేర్చుకోను వచ్చేవాళ్ళు, బిడ్డ ఏడుపు మానేసి చెంపలు ఆమె కాళ్ళకు ఆనించి నిద్రపోయేది. అట్ల నా బిడ్డ కూడా హాయిగా ఉండాలని అనుకున్నానో లేదో, అనుకున్నట్టు గుర్తు లేదు. చెయ్యి చేసింది. బూట్లు ఇచ్చినరోజు నర్సమ్మ చెప్పింది, క్రీము హచ్చబేడి, పౌడరు హచ్చబేడి అని, వేళ్ళు మడిచి లెక్కపెట్టి మరీ చెప్పింది. మా ఇంట్లో క్రీమూ లేదు పౌడరూ లేదు, సరే అని తల ఊపినాను. ఆముదం సీసా ఉండేది ఉప్పు డబ్బా పక్కన. అది నాకు పూసేవాటి లెక్కలోకి రాలేదు, నీళ్ళు పూసినామని ఎవరైనా చెప్పుకుంటారా.

సహనకు ఆ ఆముదం అంటే ఎంత ఇష్టమో. గరిటె చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా వచ్చి నా ముందర చతికిలబడి ఎడమ కాలు చాపుతుంది, కాయు, కాయు, అంటుంది. ఎడమది అయినాక కుడిది చాపుతుంది, దానికి ఏమీ లేదు, బంగారం లాంటి కాలు, అయినా పూసేదాకా వదలదు. నా బొటనవేలు మడమ చుట్టూ తిరుగుతా ఉంటే కళ్ళు సగం మూసుకుని పై పెదవి నాకుతా కూర్చుంటుంది, ముసలమ్మ పొగాకు నమిలినట్టు. గీత పోలేదు. చర్మం మెత్తబడింది, నీళ్ళలో నానిన కందిపప్పు మాదిరి తెల్లగా ముడతలు పడింది. నేను చూసినాను. అన్నీ చూస్తాను నేను, చూసే అలవాటు చిన్నప్పటిది, మా ఇంట్లో పట్టుపురుగులు సాకేవాళ్ళం, పురుగు తల ఎత్తి కదలకుండా నిలబడితే జ్వరానికి, అంటే పొర విడవను, పోతోందని, ఒళ్ళు మెరిస్తే రోగం తగిలిందని, పదేళ్ళప్పుడే చెప్పేవాణ్ణి, మునీంద్ర కన్ను తప్పదు అనేది అమ్మ. మడమ మెత్తబడింది చూసి ఆముదం చాలడం లేదేమో అని ఇంకో పూట ఎక్కువ పూసినాను. బూటు లోపల కాలు జారుతా ఉంది చూసినాను, కాలు పెరిగింది కాబోలు అనుకున్నాను, కాలు పెరిగితే బూటు బిగుతు కావాలి కదా, వదులెట్ల అవుతుంది, ఇంత చిన్న లెక్క ఇప్పుడు తోస్తోంది ఈ బల్ల మీద. పురుగుల ఇంట్లోకి తలకు నూనె రాసుకుని పోతే అమ్మ చీపురు తీసుకునేది. నూనె వాసన తగిలితే పురుగు మేత మానేస్తుందిరా, పో, కడుక్కోని రా. పురుగు దగ్గర అంత జాగ్రత్త తెలిసినవాణ్ణి.

"టోకెన్ ముప్పై!" అని లింగన్న తలుపు తీసి అరిచినాడు. కాళ్ళకు పిండికట్లు వేసేది ఆయనే, ముంజేతుల దాకా తెల్లటి పిండి, చింతామణి పక్కవాడు, మా ఊరి మాదిరి తెలుగే మాట్లాడతాడు. ఆ అరుపుకు సహన భుజం మీద కొంచెం కదిలి, కాళ్ళు రెండూ దగ్గరికి తెచ్చి ఒక్క తాపు తన్నింది. బూట్లు లేకపోయినా నిద్రలో అట్లనే తంతుంది, రెండు కాళ్ళూ ఒకేసారి, మధ్యలో కమ్మీ ఉన్నట్టే. ఆ కమ్మీకి అటొక బూటు ఇటొక బూటు. కాలు ఒకటే వంకర కదా రెండోది ఎందుకు కట్టడం అని అక్క ఫోన్లో అడిగితే నాకు చెప్పరాలేదు. లింగన్న చెప్పినాడు, మంచి కాలు తోడు ఉంటేనే రెండోది నిలబడుతుందప్పా అని. మొదట్లో రాత్రంతా ఆ కమ్మీ గోడకేసి కొట్టేది, కింది ఇంటి చిక్కమునియప్ప పొద్దున్నే మెట్ల కాడ నిలబడి, ఏమప్పా, రేయంతా ఏం దంచుతా ఉండారు, బియ్యమా కారమా, అని అడిగినాడు. పుష్ప ఫ్యాక్టరీలో మిగిలిన పచ్చ గుడ్డ ముక్కలు తెచ్చి, లోపల స్పాంజి పెట్టి, కమ్మీకి చొక్కా కుట్టింది. చిక్కమునియప్పకు చూపించినాము. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూసి, సహన తల మీద చెయ్యి పెట్టి, కొట్టమ్మా, ఎంత కావాలన్నా కొట్టు, ఇంగ నేను అడగను, అన్నాడు. బూట్లతో నిలబడరాదు కాబట్టి అది పిరుదుల మీద జరుక్కుంటా ఇల్లంతా తిరిగేది, కమ్మీని రెండు చేతులా పట్టుకుని బుర్రు బుర్రుమని బండి తోలేది, నా పిక్కల మీదికి ఎక్కించేది. ఈ పిక్క మీద ఇంకా మచ్చ ఉంది. అది నాకు ఇష్టమైన మచ్చ.

పుట్టిన రోజు నర్సు గుడ్డ విప్పి చూపించింది. పుష్ప వెంటనే గుడ్డ కప్పేసింది, నేను మళ్ళీ విప్పినాను. అరికాలు ఎదురు కాలిని చూస్తా ఉంది, చేతిగోళ్ళంత వేళ్ళు, ఐదూ ఉన్నాయి. మేనరికం అని ఎవరో అన్నారు, పుష్ప నా అక్క కూతురు, మామా అని పిలిచే పిల్ల నాకు పెళ్ళాం అయింది, మా పక్క సగం ఇండ్లు అట్లనే. అది ఎవరి తప్పూ కాదమ్మా, అని డాక్టరమ్మ పుష్పకు మూడు సార్లు చెప్పింది. ఎందుకు మూడు సార్లు చెప్పిందో నాకు తర్వాత అర్థమైంది, ఒకటి రెండు సార్లు వినపడదు ఆ మాట. ఏడు వారాలు ఏడు కట్లు, ప్రతి బుధవారం సాయంత్రం టబ్బులో కాలు నానబెట్టి కట్టు విప్పేవాళ్ళం, పిండి నీళ్ళు పాల మాదిరి అయ్యేవి, లోపల్నుంచి కాలు బయటికి వస్తా ఉంటే, ఈ వారం ఎంత తిరిగింది చూడు మామా, అని పుష్ప దీపం దగ్గరికి పట్టుకునేది. ప్రతి వారం కొంచెం. మొక్క ఎదగడం కంటికి కనపడదు గానీ ఈ కాలు తిరగడం కనపడింది నాకు. పదహారో నెల్లో గోడ వదిలి నాలుగు అడుగులు వేసింది, నాలుగో అడుగు నా మోకాలి మీద వేసింది.

నా పక్కన కూర్చున్నామె బిడ్డ, మూడు నెలల పిల్లోడు, తొడ దాకా కట్టుతో, సహన జడ పట్టుకుని గుంజుతా ఉన్నాడు. "ఏయ్ సాహెబ్, వదులు, అక్క నిద్రపోతా ఉంది," అని ఆమె వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడిపించింది. ఫాతిమా అని టోకెన్ ఇచ్చేటప్పుడు పేరు పిలిస్తే విన్నాను.

"అన్నా, మీ ఆవిడ రాలేదా?"

"వస్తుంది."

"మీది ఎన్నో కట్టు?"

"ఏడూ అయిపోయినాయి. బూట్లు."

"అల్లా! విన్నావారా, అక్క బూట్ల క్లాసుకు పోయిందంట. నువ్వు ఇంకా మూడో క్లాసులో ఉండావు, సిగ్గు లేదు." వాడు సిగ్గు లేకుండా నవ్వినాడు. "అయితే మళ్ళీ ఎందుకు వచ్చినారన్నా? ఊరికే చూపించేదానికా?"

తల అటూ కాకుండా ఇటూ కాకుండా ఊపినాను. మళ్ళీ కింది క్లాసుకు పోతామేమో అని వచ్చినాము, తప్పు చేసింది పిల్ల కాదు, అని చెప్పొచ్చు. ఆమె నన్ను ఎరగదు, ఆమెకు చెప్పడం తేలిక కూడా. ఆమెకు చెప్పలేనివాణ్ణి పుష్పకు ఏం చెప్తాను.

పుష్పకు రెండు నెలల కిందట సూపర్వైజర్ పని ఇచ్చినారు. కాలర్లు కుట్టే లైను, ముప్పై మిషన్లు. ఆరేళ్ళు ఆ మిషన్ల ముందర తల వంచుకుని కూర్చున్న పిల్ల ఇప్పుడు వాటి మధ్యన నిలబడి నడుస్తుంది. ఆ మొదటి ఆదివారం అద్దం ముందర నిలబడి, బేగ మాడమ్మా, బేగ మాడి, తొందరగా చెయ్యండి అని కన్నడంలో గొంతు పెంచి చూసుకుంటా ఉంటే తలుపు చాటు నుంచి విన్నాను, సహన కూడా విని, బేగా, అని నా మీద అరిచింది, అప్పటి నుంచి అన్నం పెట్టడం ఆలస్యమైతే అదే మాట. లైను అప్పగించినాక పుష్ప ఇంటికి చేరేసరికి ఏడున్నర, ఒక్కోరోజు ఎనిమిది. కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడతా ఉన్నా బూట్లు మాత్రం తనే కడుతుంది, ఆ పని నాకు ఇవ్వదు. పగలంతా నీ దగ్గరే కదా ఉండేది, ఇదొక్కటన్నా నాకు ఉండనీ, అంటుంది. నిన్న సాయంత్రం మడమ చూసింది. తర్వాత నా కంచంలో ముద్ద పెడతా చెప్పింది, మామా, ఇది నా వల్లే. నిద్ర కళ్ళతో పట్టీ ఒక రంధ్రం వదులుగా కట్టి ఉంటాను, కాలు లోపల ఆడింది, పొక్కు లేచింది. సోమవారం పోయి పని మానేస్తా అని చెప్పేస్తా. బిడ్డ కాలు కన్నా ఎక్కువా లైను. అని ముద్ద పెట్టిన చెయ్యి కడుక్కోకుండానే కూర్చుని ఏడ్చింది. నేను తింటా ఉన్నాను. నిన్న నాకు తెలీదు. తెలీదు అంటే, ఆముదం తప్పు అని తెలీదు. కానీ రాత్రి పట్టీ ఆమె ఎప్పుడూ వదులుగా కట్టలేదని నాకు తెలుసు, పొద్దున విప్పేది నేను కదా, ఏ రంధ్రంలో ఉందో రోజూ చూసేవాణ్ణి. ఆ ఒక్క మాట నిన్ననే చెప్పి ఉండొచ్చు. ఇంకో ముద్ద పెట్టు అన్నాను.

ముప్పై మూడు. ముప్పై నాలుగు పిలిస్తే రాలేదు, ముప్పై ఐదు. ఈ ఆముదం సంగతి ఈ భూమ్మీద తెలిసింది ఇద్దరికే, నాకూ ఈ భుజం మీద ఉన్నదానికీ. దీనికి పదిహేను మాటలు వచ్చు, ఆముదం ఆ పదిహేనులో లేదు. ఇంటికి పోయి సీసా మూత పెట్టి పైన పెట్టేస్తే చాలు. డాక్టరమ్మ ఏదో ఒకటి అంటుంది, పుష్ప తల వంచుకుంటుంది, సోమవారం మానేస్తుంది, ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉంటే మంచిదేమో కూడా, నిద్ర పోతుంది, పాపకు అమ్మ పగలు కూడా దొరుకుతుంది. ఇట్ల నా తల లోపల ఒకడు మెల్లగా మాట్లాడతా ఉన్నాడు, బయట నేను ఒక్క మాట మాట్లాడను గానీ లోపల వాడు బాగా మాట్లాడతాడు. వాడి మాట వింటా ఉంటే పుష్ప ఇంట్లో ఉన్నట్టు కనపడింది, పగలు పది గంటలకు బియ్యం ఏరుతా, అద్దం వైపు చూడకుండా. ప్రతి బూటు కట్టినప్పుడల్లా రంధ్రాలు రెండు సార్లు లెక్కపెట్టుకుంటా. ఇరవై ఏళ్ళ తర్వాత సహన కొంచెం కుంటితే, ఆ నడక చూసి ఇంకా తన చేతుల వైపే చూసుకుంటా. దాని మడమ నా అరచేతిలో వెచ్చగా ఉంది. నా చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసినాను. పొద్దున సబ్బుతో కడిగినాను, అయినా ఉంది వాసన.

పుష్ప మెట్లు ఎక్కి వచ్చింది. కాలర్ల దారప్పోగులు చున్నీ మీద, ఒక చేతిలో టిఫిన్ డబ్బా. "ఎన్నో నంబరు పోతా ఉంది? తిన్నిందా? నువ్వు తిన్నావా?" అని, జవాబు రాదని తెలుసు కాబట్టి తనే తలుపు మీది నంబరు చూసి, పాప నుదురు ముట్టుకుని, నా పక్కన కూర్చుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక లేదు. లోపల వాడికి ఇంకో మాట దొరికేలోపల చెప్పాలి.

"పుష్పా, నూనె."

"అయిపోయిందా? సాయంత్రం తెస్తాలే మామా. దానికా ఇంత మొహం పెట్టుకున్నావు."

"ఆముదం."

"ఆముదం ఎందుకు ఇప్పుడు?"

గోడ చూపించినాను. నాలుగో బొమ్మ. పుష్ప కన్నడం నాకంటే బాగా చదువుతుంది, ఒక్క చూపులో చదివేసి నా వైపు తిరిగింది. "ఊ. పూయొద్దంట. మనం ఏమీ పూయలేదు కదా."

"నేను పూసినా. రోజూ. మడమకు."

కారిడార్లో ఎవరిదో బిడ్డ ఏడుస్తా ఉంది. పుష్ప నా మొహం కాకుండా నా చెయ్యి చూసింది, సహన పాదం పట్టుకున్న చేతిని.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదు వారాలు. నీ పట్టీ ఎప్పుడూ వదులు లేదు. పొద్దున నేను చూసేవాణ్ణి. నూనెకు జారింది."

"నిన్న నేను అట్ల ఏడుస్తా ఉంటే నువ్వు ఇంకో ముద్ద పెట్టు అన్నావు."

"నిన్న తెలీదు. ఇప్పుడే చదివినా."

"చదవకపోయింటే?"

ఫాతిమా తన పిల్లోడి కట్టు మీద ఏదో దుమ్ము దులపడం మొదలుపెట్టింది, అక్కడ దుమ్ము లేదు. పుష్ప పాపను నా భుజం మీంచి తీసుకుంది, అది కళ్ళు తెరిచి అమ్మను చూసి నవ్వి, మళ్ళీ నా వైపు చేతులు చాపింది.

"పో. నీకు కూడా వాడే కావల్ల. పో, నీ ఆముదం నాయిన దగ్గరికి." ఇచ్చేసింది. ఇచ్చేసి మొహం తుడుచుకుంది. "తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు నా చేతులు నరుక్కోవాలని ఉండింది నాకు. ఆ లోపల నువ్వు చెప్తే నోరేమన్నా అరిగిపోతుందా? పదేళ్ళు అయింది నీతో కాపురం, గోడతో మాట్లాడినా ఈపాటికి ఒక మాట చెప్పేది."

గోడే చెప్పింది, అనబోయి ఊరుకున్నాను. లింగన్న నలభై ఒకటి అని అరిచినాడు.

డాక్టరమ్మ పాదం పట్టుకుని బయటికి వంచి చూసింది, లోపలికి వదిలి చూసింది, బొటనవేలు వెనక్కి నొక్కింది. సహన ఆమె మెడలోని గొట్టం పట్టుకుని లాగుతా ఉంది. ఎందుకు తిరిగింది ఇట్ల, అని ఆమె కన్నడంలో పుష్పను అడిగింది. ఎప్పుడూ అమ్మలనే అడుగుతారు. పుష్ప నా వైపు చూసింది. నువ్వే చెప్పు అని ఆ చూపు. నానే ఎణ్ణె హచ్చిదె మేడం, దినా, అన్నాను. గది మొత్తం వినపడింది, నా గొంతు ఇంత పెద్దదా అని నాకే అనిపించింది. డాక్టరమ్మ తిట్టింది. బాగా తిట్టింది, ఎవరు చెప్పినారు పూయమని, ఎవరూ చెప్పలేదు మేడం, మరి ఎందుకు పూసినావు, ఎర్రగా ఉండింది మేడం. అక్కడ ఆమె ఆగి, సాక్సు తీసి మడమను వెలుతురుకు తిప్పి చూసి, ఈసారి మెల్లగా అడిగింది, రాత్రి పట్టీ కట్టేది ఎవరు. పుష్ప బడిలో పిల్ల మాదిరి చెయ్యి ఎత్తింది. బాగా కడుతున్నావమ్మా, పట్టీ గుర్తులు ఉండాల్సిన చోటే ఉన్నాయి, నూనె కాలు ఎంత బిగించినా నిలవదు. రెండు కట్లు వేద్దాం, వారానికి ఒకటి, తర్వాత కొత్త బూట్లు, తొందరగానే వచ్చినారు, పోయిందేమీ లేదు. పుష్ప కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆమె వీపు చూసినాను, భుజాలు కిందికి దిగినాయి, తొమ్మిది రోజుల తర్వాత.

బల్ల మీద సహనను నా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. డాక్టరమ్మ పాదం పట్టుకుంది, లింగన్న నీళ్ళలో ముంచిన కట్టు చుట్టడానికి వచ్చినాడు. అది లింగన్నను గుర్తు పట్టిందో ఆ నీళ్ళ వాసన గుర్తు పట్టిందో, కాలు బిగబట్టి, మొహం ఎర్రగా చేసుకుని, అరవడానికి గాలి పీల్చింది. "కాలు బిగబడితే కట్టు సరిగ్గా కూర్చోదప్పా," అన్నాడు లింగన్న. "మాట్లాడతా ఉండండి ఎవరన్నా. ఏదో ఒకటి. గట్టిపడేదాకా ఆపొద్దు." నేను పుష్పను చూసినాను. ఎప్పుడూ ఆ పని ఆమెది, ఏడు కట్లూ ఆమె మాటల మీదే గట్టిపడినాయి.

"నన్ను చూడొద్దు," అంది పుష్ప. "నువ్వే మాట్లాడు. నేను రెండున్నరకు లైనులో ఉండల్ల." సంచి భుజానికి తగిలించుకుంది. చున్నీ మీది దారప్పోగులు ఒక్కొక్కటే తీసేసి, వంగి పాప నడినెత్తిన ముద్దు పెట్టుకుంది. తలుపు దగ్గర ఆగింది. "కట్టు తడవకుండా తీసుకోని పో మామా."

తలుపు మూసుకుంది. సహన గాలి పీల్చి పెట్టుకునే ఉంది. నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు, కళ్ళ ముందర ఉన్నది ఆ తలుపు ఒక్కటే.

అమ్మ మెట్లు దిగతా ఉండాది, అన్నాను. ఒక మెట్టు. ఇంకో మెట్టు. చెప్పు పట్టీ ఊడింది, వంగి సరిచేసుకునింది. ఇప్పుడు గేటు కాడికి పోయింది, బోండాల బండి ఆయప్ప అక్కా అక్కా అంటా ఉండాడు, అమ్మ ఆగలేదు, అమ్మకు పనుండాది. రోడ్డు దాటల్ల. ఇటు చూసింది, అటు చూసింది, ఒక ఎర్ర ఆటో పోనీలే అని వదిలింది, దాటేసింది. సహన పీల్చిన గాలి మెల్లగా వదిలింది. తల ఎత్తి నా నోరు చూస్తా ఉంది, ఇంతసేపు అది కదలడం ఎప్పుడూ చూడలేదు కదా, వేలు తెచ్చి నా కింది పెదవి మీద పెట్టింది, లోపల ఇంకా ఎన్ని ఉన్నాయో చూద్దామన్నట్టు. దాని తొడ నా చేతి కింద వదులైంది. లింగన్న చుట్టతా ఉన్నాడు, డాక్టరమ్మ బొటనవేళ్ళతో పాదాన్ని బయటికి తిప్పి పట్టుకుని ఉంది. బస్సు వచ్చింది, అన్నాను. నిండా జనం. అమ్మ ఎక్కింది. ఒక అవ్వ దిగింది, కిటికీ సీటు అమ్మకు దొరికింది, గాలి తగలతా ఉండాది, అమ్మ కండ్లు మూసుకునింది, పడుకోనీలే, స్టాపు వస్తే కండక్టరు లేపుతాడు, అమ్మ లైనులో ముప్పై మిషన్లు అమ్మ కోసం చూస్తా ఉండాయి, పోయినాక ఏమంటుంది అమ్మ?

"బేగా," అంది సహన.

కట్టు వెచ్చబడి, ఆ వెచ్చదనం నా తొడకు తెలిసింది, తర్వాత చల్లబడింది. లింగన్న వేలితో తట్టి చూసినాడు, టక్ టక్ మంది. "గట్టిపడిందప్పా. ఇంగ చాలు, దించు పాపను."

"ఉండన్నా," అన్నాను. "బస్సు ఇంకా టిన్ ఫ్యాక్టరీ స్టాపు కాడే నిలబడుకోని ఉండాది."